నాలుగు ఖాళీల విలువ

కంప్యూటరు ప్రోగ్రాం రాయడమంటే యంత్రానికి ఆజ్ఞలివ్వడం అని చెప్పుకుంటూ ఉంటాం. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఆ ప్రోగ్రామును రేపు ఇంకో మనిషి చదవాలి. యంత్రం చదివేటప్పుడు వరసల మధ్య ఎడం ఉందా, పేర్లు బాగున్నాయా అని చూడదు. మనిషి చూస్తాడు. అవి సరిగా లేకపోతే పొరబడతాడు కూడా. ఈసారి ఆ రెండో పాఠకుడి గురించి ముచ్చటించుకుందాం.

ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం హోసూరు నుంచి వచ్చిన ఒక ఉత్తరం. రాసిన తల్లిగారు తమ పేరు వేయవద్దన్నారు. వారి అమ్మాయి ఇంజనీరింగు ముగించి నిరుడు బెంగుళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరింది. మొదటిసారి సొంతంగా ఒక ప్రోగ్రాం రాసి పైవాళ్లకు చూపిస్తే మూడుసార్లు వెనక్కి పంపారట. లెక్క తప్పిందని కాదు, పని చేయడం లేదనీ కాదు. ఈ పేరు మార్చు, ఇక్కడ ఖాళీ వదులు, ఈ వాక్యాన్ని రెండుగా విడగొట్టు అని. "పని చేస్తున్నదానికి పౌడరు రాయమంటున్నారమ్మా" అని పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుందట. "ఇది నిజంగా పనికొచ్చే సంగతేనా, లేక కొత్తకోడలి మీద అత్తగారి పెత్తనమా? మీరు చెప్పండి" అని ఆ తల్లి అడిగారు.

ప్రశ్న చాలా న్యాయమైనది. ఎందుకంటే ఈ రెండూ ఉన్నాయి. ఏది ఏదో విడదీసి చూడాలి.

ముందు ఎడం సంగతి. మీరు ఊరికి వెళ్తూ పనిమనిషికి ఒక చీటీ రాసి పెట్టారనుకోండి.

వానొస్తే
        కిటికీలు మూయి
        మోటారు ఆపు

దీన్ని చూసినవాళ్లు ఎవరైనా వాన వస్తేనే మోటారు ఆపాలనుకుంటారు. ఇప్పుడు ఇలా చూడండి.

వానొస్తే
        కిటికీలు మూయి
మోటారు ఆపు

మాట ఒక్కటీ మారలేదు. చివరి వరస నాలుగు ఖాళీలు ఎడమకు జరిగింది, అంతే. అర్థం మాత్రం మారింది. వాన రాకపోయినా మోటారు ఆపాల్సిందే.

మన కన్ను అంచును చూసి అర్థం చేసుకుంటుంది. కానీ 'సి' లాంటి కంప్యూటరు భాషల్లో యంత్రం అంచును లెక్క చేయదు. 'ఇలా అయితే' అనే షరతు తరవాత కుండలీకరణాలు పెట్టకపోతే మొదటి ఆజ్ఞ ఒక్కటే ఆ షరతు కిందికి వస్తుంది. మిగిలినవి ఎంత లోపలికి జరిపి రాసినా బయటివే. అంటే మీరు మొదటి రకంగా చీటీ రాస్తే, యంత్రం దాన్ని రెండో రకంగా చదువుతుంది. రాసినవాడు ఒకటి అనుకుంటాడు, చదివినవాడూ అదే అనుకుంటాడు, యంత్రం ఇంకొకటి చేస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఇది చీటీలతో పోయే చిక్కు కాదు. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ ఐఫోన్లలో, మాక్ కంప్యూటర్లలో సరిగ్గా ఇలాంటి లోపం బయటపడింది. ఫోనులో మనం బ్యాంకు సైటు తెరిచినప్పుడు, అవతల ఉన్నది నిజంగా ఆ బ్యాంకేనా అని ఫోను కొన్ని పరీక్షలు చేస్తుంది. ప్రతి పరీక్ష కిందా 'తప్పు దొరికితే నేరుగా చివరికి పో' అనే అర్థం వచ్చే ఆజ్ఞ ఉంటుంది. ఆ ప్రోగ్రాములో 'చివరికి పో' అనే వరస ఒకచోట రెండుసార్లు పడింది. రెండూ ఒకే ఎడంతో, ఒకదాని కింద ఒకటి, ముచ్చటగా ఉన్నాయి. చూసేవాళ్లకు రెండూ షరతు కిందే ఉన్నట్టు కనబడతాయి. యంత్రానికి మాత్రం రెండోది షరతు లేని ఆజ్ఞ. తప్పు ఉన్నా లేకపోయినా చివరికి పోవాల్సిందే. అలా పోవడంతో అన్నిటికన్నా ముఖ్యమైన సంతకం పరీక్ష జరగనే లేదు. అప్పటిదాకా తప్పేమీ దొరకలేదు కాబట్టి 'అంతా క్షేమం' అనే జవాబు వచ్చేది. మధ్యలో దూరిన దొంగ తానే బ్యాంకునని చెప్పుకున్నా ఫోను నమ్మేది. ఫిబ్రవరి 21న ఫోన్లకు, 25న మాక్ కంప్యూటర్లకు సవరణ విడుదల చేశారు.

కుండలీకరణాలు పెట్టి ఉంటే ఆ తప్పు పడేదే కాదని నేననను. పడినా ఒకటి జరిగి ఉండేది. ఆ రెండో వరస కుండలీకరణాల లోపల పడితే ఏ హానీ చేసేది కాదు, బయట పడితే కంటికి కొట్టొచ్చినట్టు కనబడేది. రెండు గుర్తుల ఖరీదుకు అది తక్కువ లాభమేమీ కాదు. 2016లో వచ్చిన జీసీసీ అనే కంపైలరు ఆరో రూపంలో ఇందుకోసమే ఒక హెచ్చరిక చేర్చారు. ఎడం ఒకటి చెబుతూ అర్థం ఇంకొకటి అయితే, "చూసుకో నాయనా" అని అది ముందే చెబుతుంది. పైథాన్ అనే భాషను 1991లో లోకానికిచ్చిన గిడో వాన్ రోసమ్ మరో దారి పట్టాడు. ఆ భాషలో ఎడమే వ్యాకరణం. కంటికి కనబడేదీ యంత్రం చేసేదీ ఒకటే. నేడు బడిపిల్లలకు మొదటి భాషగా దాన్ని నేర్పడానికి ఉన్న కారణాలలో ఇదీ ఒకటి.

ఇక పేర్ల సంగతి. 2000 సంవత్సరం వస్తున్నదంటే కంప్యూటర్ల లోకమంతా గగ్గోలు పడడం పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండు అంకెలే కేటాయించారు. '00' అంటే 1900 అని యంత్రం అనుకుంటుందేమోనని భయం. హైదరాబాదులోనూ, చెన్నైలోనూ, బెంగుళూరులోనూ, అమెరికాలోనూ వేలమంది మన పిల్లలు కోబాల్ అనే పాత భాష నేర్చుకుని ఆ ప్రోగ్రాములు చదవడానికి కూర్చున్నారు. చెన్నైలో నేనూ ఆ పని చేశాను. తేదీ ఉన్న చోటును దిద్దడం నిమిషాల పని. ఆ చోటు ఎక్కడుందో కనిపెట్టడానికి వారాలు పట్టేది. 'పుట్టిన సంవత్సరం' అని పేరు పెట్టి ఉంటే వెతికి పట్టుకోవచ్చు. 'డబ్ల్యూ2' అని పెట్టి ఉంటే అది సంవత్సరమో, వడ్డీయో, వార్డు నంబరో తెలియాలంటే మొత్తం చదవాల్సిందే. కోబాల్‌లో పేరుకు 30 అక్షరాల దాకా అనుమతి ఉంది. చోటు లేక కుదించినవి కావవి. "నాకు తెలుసు కదా" అనే ధీమాతో కుదించినవి. ఆ తెలిసినాయన ఎప్పుడో పదవీ విరమణ చేసి వెళ్లిపోయాడు.

ఇదే నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట. ఎడం గానీ, పేరు గానీ రాసినవాడికి అక్కరలేదు. అతనికి అంతా తెలుసు. అవి తరవాత వచ్చేవాడికి కావాలి.

మన తాళపత్రాలనే చూడండి. తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో తెలుగు తాళపత్ర గ్రంథాలున్నాయి. వీలైతే పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. ఆకు ఈ చివర మొదలైన అక్షరాల వరస ఆ చివర దాకా ఎడం లేకుండా సాగుతుంది. మాటకూ మాటకూ మధ్య సందు ఉండదు. పద్యం నాలుగు పాదాలుగా విడివిడిగా కనబడదు. గురుముఖతః నేర్చుకుని పద్యం నోటికి వచ్చినవాళ్లకు దానితో ఇబ్బంది లేదు. ఆకు వాళ్లకు జ్ఞాపకం చేస్తే చాలు. అచ్చుయంత్రం వచ్చి, పద్యం నోటికి రానివాడు కూడా పుస్తకం చేతబట్టుకునే రోజు వచ్చాక మాటల మధ్య ఎడమూ, కామాలూ, పేరాలూ అవసరమయ్యాయి. మన పత్రికలో పిల్లల పేజీని సంధులు విడదీసి, పెద్ద అక్షరాలతో వేయడానికి కారణమూ ఇదే. పూనాలోనో కటకంలోనో బడిలో తెలుగు లేకుండా పెరుగుతున్న పిల్లకు 'ఏమిటదలాగున్నది' అని కలిపి రాస్తే కొరుకుడు పడదు. 'ఏమిటి, అది అలా ఉన్నది' అంటే చదువుతుంది. తెలుగు మారలేదు, తలుపు తెరుచుకుంది.

"ఇదంతా మీ అభిప్రాయం. పరీక్షించి చూసినవాళ్లున్నారా?" అని మీరడగవచ్చు. ఉన్నారు. 1983లో అమెరికాలో బెన్ ష్నైడర్మన్, ఆయన సహచరులు ఒకే ప్రోగ్రామును రకరకాల ఎడాలతో ఇచ్చి ఎవరికి బాగా అర్థమైందో చూశారు. రెండు నుంచి నాలుగు ఖాళీలు వదిలినప్పుడు ఫలితం బాగుంది. అంతకన్నా ఎక్కువ వదిలితే లాభం పెరగలేదు. 2019లో వేరేవాళ్లు అదే పరీక్ష మళ్లీ చేస్తే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2023లో ఇంకొకరు, 'ఇలా అయితే అలా, లేకపోతే ఇలా' అనే షరతులు ఒకదానిలో ఒకటి దూరిన ప్రోగ్రాములు ఇచ్చి చూస్తే, ఎడం లేనివాటిని చదవడానికి చాలా ఎక్కువ సమయం పట్టింది. మూడూ కలిపి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది. ప్రోగ్రాం తిన్నగా సాగిపోతుంటే ఎడం ఉన్నా లేకపోయినా పెద్ద తేడా పడదు. దారులు చీలే చోట మాత్రం అది చేతికర్ర.

పేర్ల మీద 2017లో యోహానెస్ హోఫ్‌మైస్టర్, ఆయన సహచరులు చేసిన పరీక్ష ఒకటుంది. ఉద్యోగం చేస్తున్న 72 మంది ప్రోగ్రామర్లకు కొన్ని ప్రోగ్రాములిచ్చి తప్పులు పట్టమన్నారు. పేర్లు ఒంటి అక్షరాలుగానో, కుదించిన ముక్కలుగానో కాక నిండు మాటలుగా ఉన్నప్పుడు సుమారు 19 శాతం వేగంగా పట్టుకున్నారు. రెండు మాటలు కలిసిన పేరును మధ్యలో కిందిగీత పెట్టి రాయాలా, రెండో మాటను పెద్ద అక్షరంతో మొదలుపెట్టి కలిపేయాలా అన్న తగవు కూడా ఒకటుంది. దాని మీద 2009లో, 2010లో జరిగిన పరీక్షలు ఒకే తీర్పు చెప్పలేదు. అలవాటు పడినదే సులువు. ఇలాంటి చోట ఏది మంచిదని కొట్టుకోవడం కన్నా అందరూ ఒకే విధంగా రాయడం మేలు.

కొన్ని నియమాలకు అసలు కారణం ఎప్పుడో పోయింది. తద్దినంనాడు పిల్లి అడ్డం వస్తున్నదని తాతగారు దాన్ని గంప కింద మూసిపెడితే, మనవడు తద్దినం పెట్టడానికి పిల్లి కోసం ఊరంతా వెతికాడట. ప్రోగ్రాములో ఒక వరస 80 అక్షరాలు దాటకూడదన్న నియమం అలాంటిది. ఐబీఎం కంపెనీ 1928లో తెచ్చిన చిల్లుల కార్డుకు 80 నిలువు గళ్లుండేవి. కార్డులు పోయాయి, నియమం ఉండిపోయింది. పైథాన్ వారి 2001 నాటి నియమావళిలో 79 అని ఉంది. లినక్స్ కెర్నెల్ రాసేవారు 2020లో వరస పొడవును 100 దాకా సడలించారు. అయితే ఈ పిల్లి ఉత్త పిల్లి కాదు. దినపత్రికలు వార్తల్ని సన్నటి కాలములుగా ఎందుకు వేస్తాయి? వరస మరీ పొడవైతే కన్ను తరవాతి వరస మొదలు వెతుక్కోలేక తడబడుతుంది. పాత కారణం పోయినా కొత్త కారణం ఉన్న నియమమది. అందుకే నియమాన్ని ఊరికే పాటించకా, ఊరికే పారేయకా, "దేనికోసం?" అని ఒకసారి అడగాలి.

చిన్న మార్పులకు ఖర్చు లేదనుకోకండి. ఒక ప్రోగ్రాములో అసలు సవరణ మూడు వరసలు, ఖాళీల సర్దుబాటు మూడువందల వరసలు కలిపి ఒకేసారి పంపితే, పరీక్షించేవాడి కంటికి ఆ మూడూ కనబడవు. సంక్రాంతికి ఇల్లంతా సున్నం వేసినరోజే కరెంటు తీగలు కూడా మార్చినట్టు. రేపు దీపం వెలగకపోతే ఎక్కడ వెతకాలి? పైగా ఏ వరస ఎవరు, ఎందుకు రాశారో చెప్పే చరిత్ర పుస్తకం గిట్ అనే సాధనంలో ఉంటుంది. ఖాళీలు సర్దినవాడి పేరు అన్ని వరసల మీదా పడి, అసలు రాసినవాడు కప్పడిపోతాడు. 2019లో గిట్‌లో ఇలాంటి ఉత్త సర్దుబాట్లను దాటి వెనక్కి చూసే వీలు కల్పించారంటే ఈ బాధ ఎంతమందికి ఉందో ఊహించవచ్చు. కాబట్టి సున్నం ఒకరోజు, తీగలు ఒకరోజు.

ఇప్పుడు హోసూరు తల్లిగారి ప్రశ్నకు వస్తాను. అమ్మా, మీ అమ్మాయికి వచ్చిన దిద్దుబాట్లను మూడు కుప్పలుగా పోయమనండి.

మొదటిది ఖాళీలు, కుండలీకరణాలు, వరస పొడవులు. ఇవి ముఖ్యమే కానీ మనుషులు కూర్చుని ఏరవలసినవి కావు. 2009లో గూగుల్ బయటపెట్టిన గో అనే భాషతో పాటు ప్రోగ్రామును ఒకే తీరుగా సర్దిపెట్టే పనిముట్టు కూడా వస్తుంది. ఆ తీరు ప్రతివారికీ నచ్చుతుందని కాదు, తగవు తీరుతుందని అందరూ ఒప్పుకున్నారు. నేడు దాదాపు ప్రతి భాషకూ అలాంటి పనిముట్లున్నాయి. "మన జట్టుకు అది పెట్టుకుందామా?" అని అమ్మాయి అడగవచ్చు. కొత్తగా చేరినవాళ్లు అడగకూడదని ఎక్కడా లేదు.

రెండోది పేర్లు, విడగొట్టడాలు. వీటిని శిరసావహించమనండి. ప్రోగ్రాము మధ్యలో 86400 అని అంకె కనబడితే చదివేవాడు ఆగి ఆలోచించాలి. 'ఒక రోజులోని సెకన్లు' అని పేరు పెడితే ఆగనక్కరలేదు. వయసు 60 దాటి, ఖాతా తెరిచి అయిదేళ్లయి, బాకీ లేకుండా ఉంటే అనే పొడుగాటి షరతును 'రాయితీకి అర్హత' అనే ఒక్క పేరు కింద కట్టిపెడితే, తరవాత వచ్చే పది వరసలూ తెలుగు వాక్యాల్లా చదువుకుంటూ పోవచ్చు. ఇది పౌడరు కాదు, ఊరికి దారి చూపే రాయి. కాకపోతే పేరు నిజం చెప్పాలి. అర్హత మారాక కూడా పాత పేరే ఉంచితే అది పేరు లేకపోవడం కన్నా ప్రమాదం.

మూడోది పైవాళ్ల సొంత రుచులు. "నేనైతే ఇలా రాయను" అన్నంత మాత్రాన అది తప్పు కాదు. "ఇది ఎవరికి, ఎక్కడ అర్థం కావడం లేదు?" అని మర్యాదగా అడగమనండి. జవాబు ఉంటే నేర్చుకోవచ్చు. జవాబు లేకపోతే వాళ్లే వదిలేస్తారు.

పైవాళ్లకూ ఒక మాట. ఈ పత్రిక చదివే ఇళ్లలో ఇప్పుడు అలాంటి పైవాళ్లూ తక్కువేం లేరు. "ఈ చోట నాకు అర్థం కాలేదు" అనడం వేరు, "నీకు రాయడం రాదు" అనడం వేరు. మొదటిది చదువరి చెప్పే సాక్ష్యం. దానితో పోట్లాడనక్కరలేదు, దిద్దితే సరిపోతుంది. రెండోది పిల్ల రాత్రి భోజనం మానేయడానికి తప్ప దేనికీ పనికిరాదు. చదవడానికి వీలుగా రాయమనే నియమం వెనకనున్నది ఎదుటివాడి మీద కనికరం. ఆ నియమాన్ని కనికరం లేకుండా అమలు చేస్తే ఇంకేముంది?

ఇప్పుడు యంత్రాలే ప్రోగ్రాములు రాసిపెడుతున్నాయి కదా, ఇంకా ఈ చాదస్తం ఎందుకని కొందరంటారు. నాకు తలకిందులుగా తోస్తుంది. రాయడం తేలికైన కొద్దీ చదవవలసింది పెరుగుతుంది. రాసినదానికి పూచీ మనిషిదే అయినప్పుడు, అర్థం కానిదాని మీద సంతకం పెట్టలేం గదా.

ఇది కంప్యూటర్ల వాళ్ల గొడవ, మనకెందుకని పేజీ తిప్పబోతున్న పెద్దలకు ఒక సంగతి చెబుతాను. బరంపురంలో నాకు తెలిసిన ఒక కుటుంబంలో పెద్దాయన హఠాత్తుగా పోయారు. లెక్కలంటే ఆయనకు ప్రాణం. రోజూ డైరీ రాసేవారు. కర్మకాండలు ముగిశాక కొడుకులు డైరీ తెరిస్తే ఒకచోట 'సు. 40, మే' అని ఉంది. సు అంటే సుబ్బారావుగారా, సుజాతమ్మగారా? నలభై వేలా, నలభై వందలా? ఇచ్చారా, తీసుకున్నారా? మే నెలలో ఇచ్చారా, మే నెలకు తీరాలా? రాసిన చేతికి అందులో సందేహమే లేదు. చదివిన కళ్లకు ఒక్క ముక్క తెలియలేదు. చివరికి అడగడానికి మొహమాటపడి, అది ఇవ్వవలసిన బాకీయే అయితే తండ్రికి మాట వస్తుందని భయపడి, ఆ ఇంటివాళ్లు చాలాకాలం నిద్రపోలేదు. 'సుజాతమ్మగారికి ఇచ్చినది రూ. 40,000, వచ్చే మే నెలలో తిరిగి ఇస్తామన్నారు' అని రాయడానికి ఆయనకు అర నిమిషం పట్టేది.

అందుచేత ఈ మూడు నెలల్లో ఒక ఆదివారం కేటాయించండి. మీ డైరీ, బీమా కాగితాల కట్ట, బ్యాంకు లాకరు వివరాలు, మందుల డబ్బా మీది చీటీ, వీటిని మీరు కాక ఇంట్లో ఇంకెవరైనా చదివి అర్థం చేసుకోగలరేమో చూడండి. మీ అబ్బాయి చేతికో కోడలి చేతికో ఇచ్చి, మీరు పక్కన నోరు మెదపకుండా కూర్చోండి. వాళ్లు ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిలుతో గీత గీసి, నిండు మాట రాయండి. మంచి ప్రోగ్రామర్లు చేసే పనీ అదే.

వచ్చే సంచికలో ఫోనులోని ఫోటోలను పదికాలాలపాటు దాచుకోవడం గురించి చెప్పుకుందాం. ప్రశ్నలుంటే సంఘం చిరునామాకు రాయండి. ఉత్తరం మీద మీ ఊరి పేరు పూర్తిగా రాయండేం.